బిల్లింగ్ సిస్టంని వర్చువల్ మిషన్‌లోకి ఎక్కించిన డైరీ

1వ రోజు, శనివారం

కర్నూలు కొండారెడ్డి బురుజు దాటి పాతబస్తీలోకి తిరిగితే ఓ సందులో హోల్‌సేల్ హార్డ్‌వేర్ షాపు. పీవీసీ పైపులు, మేకులు, బోల్టులు, పంపుసెట్ల సామాన్లు. లోపల గోడ మీద నా భుజం ఎత్తులో ఒక మట్టిగీత ఉంది. ఎన్నిసార్లు సున్నం వేయించినా షాపు ఓనరు పెద్దాయన ఆ గీతను మాత్రం చెరపనివ్వడు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకి వచ్చినప్పుడు నీళ్లు నిలిచిన మట్టం అది. ఖాతా పుస్తకాలన్నీ గుజ్జయిపోయాయి. ఎవరి దగ్గర ఎంత బాకీ రావాలో చూసుకోవడానికి ఒక్క కాగితం మిగల్లేదు. ఆ దెబ్బకే 2011లో కంప్యూటర్ కొని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వేయించారు.

ఆ కంప్యూటరే ఇప్పటికీ నడుస్తోంది. విండోస్ 7 ప్రొఫెషనల్, 32 బిట్. వారం నుంచి హార్డ్ డిస్కు టిక్కుటిక్కుమంటోంది.

"నాయనా, ఆ పొద్దు పుస్తకాలు నీళ్లలో పోయినాయి. ఈ పొద్దు ఈ డబ్బా పోయిందంటే మళ్లా మొదటి నుంచి రాసుకునే ఓపిక నాకు లేదు" అన్నాడు పెద్దాయన.

కొత్త సిస్టంలో అదే సాఫ్ట్‌వేర్ వేసుకుంటే సరిపోతుంది కదా అని ఎవరైనా అంటారు. సీడీ ఎప్పుడో పోయింది. చేసిచ్చిన వాళ్ల ఫోన్ మోగదు. పైగా లైసెన్సు ఈ కంప్యూటర్ నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రస్‌కి, అంటే కార్డుకి కంపెనీ వేసిన సొంత నంబరుకి, ముడేసి ఉంది. కాబట్టి కంప్యూటర్‌ని కంప్యూటర్‌లాగే ఎత్తి వర్చువల్ మిషన్‌లో (వీఎం, అంటే ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్) కూర్చోబెట్టడం ఒక్కటే దారి.

డిస్క్‌టూవీహెచ్‌డీ పెట్టాను. విండోస్ నడుస్తుండగానే డిస్కు మొత్తాన్ని ఒక ఫైలుగా తీసి బయటి డ్రైవులో పెడుతుంది. షాపు మూశాక మొదలుపెట్టి, ఎక్కడ ఆగిపోతుందో అని అర్ధరాత్రి దాకా పక్కనే కూర్చున్నాను. ఆగలేదు. బయల్దేరే ముందు నెట్‌వర్క్ వివరాలన్నీ చూపే ఐపీకాన్ఫిగ్ ఆల్ కమాండ్ కొట్టి, వచ్చిన స్క్రీన్‌ని ఫోన్లో ఫొటో తీసుకున్నాను. మొత్తం పనిలో తెలివిగా చేసింది ఏదన్నా ఉంటే ఆ ఫొటోనే.

2వ రోజు, ఆదివారం

కర్నూల్లోనే సి.క్యాంపులో నా కంప్యూటర్ షాపు. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తిని వచ్చి షట్టర్ సగం దించి కూర్చున్నాను.

కొత్త సిస్టంలో వీఎంలు నడిపే వర్చువల్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ ఉంది. కొత్త వీఎం తయారుచేసే బద్ధకంతో, ఇంకెవరి పనికో ఎప్పుడో చేసుకున్న విండోస్ ఎక్స్‌పీ వీఎం సెట్టింగులనే కాపీ కొట్టి, దానికి ఈ డిస్కు తగిలించాను. భయపడినట్టు విండోస్ కుప్పకూలినప్పుడు వచ్చే నీలం తెర రాలేదు. ఎక్స్‌పీ సెట్టింగుల్లో డిస్కు ఐడీఈ అనే పాత రకం కంట్రోలర్ మీద ఉంటుంది. ఈ పాత విండోస్ కూడా ఐడీఈ మోడ్‌లో ఇన్‌స్టాల్ చేసిందే. అదృష్టం కలిసొచ్చి బూట్ అయింది. పెద్దాయన ఫొటో వాల్‌పేపర్ కనబడేసరికి నాకు నవ్వొచ్చింది.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. టాస్క్‌బార్‌లో నెట్‌వర్క్ బొమ్మ మీద ఎర్ర ఇంటూ. డివైస్ మేనేజర్‌లో ఈథర్నెట్ కంట్రోలర్ పక్కన పసుపు గుర్తు.

గంటసేపు డ్రైవర్ కోసం వెతికాను. ఆ గంట దండగ. ఎందుకంటే తప్పు విండోస్‌ది కాదు, నాది. వీఎం లోపల విండోస్‌కి కనబడే నెట్‌వర్క్ కార్డు నిజం కార్డు కాదు, ఏ మోడల్ కార్డుగా వేషం వేయాలో మనమే చెప్పాలి. ఎక్స్‌పీ సెట్టింగుల్లో అది పీసీనెట్ ఫాస్ట్ త్రీ అనే పాత ఏఎండీ కార్డు వేషంలో ఉంది. ఎక్స్‌పీలో దానికి డ్రైవర్ ఉంది. ఎక్స్‌పీ తర్వాత వచ్చిన విస్టా నుంచి విండోస్‌లో ఆ డ్రైవర్ ఇవ్వడం మానేశారు. ఏ టెంప్లేట్ డిస్కుని కాపాడిందో అదే నెట్‌వర్క్‌ని ముంచింది.

వీఎం ఆపి, సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, అందులో అడాప్టర్ టైప్ దగ్గర ఇంటెల్ ప్రో 1000 ఎంటీ డెస్క్‌టాప్ అని మార్చాను. ఆన్ చేసిన నిమిషంలో విండోసే డ్రైవర్ పెట్టుకుంది. ఎవరైనా వీఎంలో నెట్ రావట్లేదని వస్తే ఇకమీదట ముందు ఇక్కడే చూస్తాను. ఎక్స్‌పీ అయితే ఇదే కుటుంబంలో టీ సర్వర్ అనే రకం పెట్టాలి, దాన్ని ఎక్స్‌పీ డ్రైవర్ అడక్కుండానే గుర్తుపడుతుంది.

కనెక్షన్ వచ్చింది. పేరు మాత్రం 'లోకల్ ఏరియా కనెక్షన్ 2'. ఆ 2 చూడగానే అనుమానం వచ్చింది. ఒకటో నంబరు ఎక్కడ?

షాపులో కౌంటర్ల కంప్యూటర్లు రెండూ బిల్లింగ్ ఉన్న ఈ సిస్టంని, అంటే సర్వర్‌ని, 192.168.1.10 అనే నెట్‌వర్క్ అడ్రస్ (ఐపీ)లో వెతుకుతాయి. అదే అడ్రస్ ఈ కొత్త కార్డుకి ఇవ్వబోతే విండోస్ ఒప్పుకోలేదు. ఈ అడ్రస్ ఇంకో కార్డుకి ఇచ్చి ఉంది, ఆ కార్డు ఇప్పుడు కంప్యూటర్‌లో లేదు, ఏం చేయమంటావు అని అడిగింది. పాత సిస్టం మదర్‌బోర్డు మీదున్న రియల్‌టెక్ కార్డు అది. శరీరం పాతబస్తీలో ఉంది, ఆత్మ డిస్కుతో పాటు నా షాపుకి వచ్చేసింది.

మామూలుగా డివైస్ మేనేజర్ తెరిస్తే ఇది కనబడదు. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, సెట్ డెవ్‌ఎంజీఆర్_షో_నాన్‌ప్రెజెంట్_డివైసెస్=1 అని కొట్టి, అదే విండో నుంచి డివైస్ మేనేజర్‌ని తెరవాలి. తర్వాత వ్యూ మెనూలో షో హిడెన్ డివైసెస్. అప్పుడు నెట్‌వర్క్ అడాప్టర్ల కింద వెలిసిపోయిన రంగులో రియల్‌టెక్ కనబడింది. కుడి క్లిక్, అన్‌ఇన్‌స్టాల్. ఈసారి 192.168.1.10 గొడవ లేకుండా తీసుకుంది.

3వ రోజు, సోమవారం

సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఒక్క లైను: ఈ కంప్యూటర్‌కి అనుమతి లేదు.

ఊహించిందే. వర్చువల్‌బాక్స్ ఇచ్చే మ్యాక్ అడ్రస్‌లు 08-00-27తో మొదలవుతాయి, సాఫ్ట్‌వేర్‌కి కావలసింది పాత కార్డు నంబరు. ఫోన్లో ఆ ఫొటో తెరిచి, ఫిజికల్ అడ్రస్ (మ్యాక్‌నే అక్కడ అలా అంటారు) ఎదురుగా ఉన్న 12 అక్షరాలు చూసి, వీఎం ఆపి, అడాప్టర్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో మ్యాక్ అడ్రస్ గడిలో కొట్టాను. అక్కడ మధ్యలో గీతలు, చుక్కలు ఏవీ పెట్టకూడదు.

తెరుచుకుంది. 2011 నుంచి ఉన్న బాకీదార్ల లిస్టు కిందికి జారుతూనే ఉంది.

ఇది చేయడం నాకు కొంచెం గుచ్చుకోకపోలేదు. ఇంకోళ్ల కార్డు నంబరు పెట్టుకోవడం దొంగ నంబరు ప్లేటు లాంటిదే కదా. కానీ డబ్బు కట్టి కొన్న లైసెన్సు ఒకటి, నడవాల్సిన సిస్టం ఒకటి. వీఎం వచ్చాక పాతది ఆగిపోవాలి, అంతే. ఈ 'ఆగిపోవాలి' అన్న మాట పెద్దాయనతో ఆ రోజే గట్టిగా చెప్పి ఉండాల్సింది.

4వ రోజు, మంగళవారం

కొత్త సిస్టం షాపుకి తీసుకెళ్లాను. గోడ గీతకి పైన ఒక అలమర ఖాళీ చేయించి పెట్టారు పెద్దాయన. "ఈడైతే నీళ్లు రావు" అన్నారు. నీళ్లు రావు కానీ లాన్ కేబుల్ కూడా రాదు. కంప్యూటర్ల వైర్లన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్ నుంచి ఉన్న వైరు అలమర దాకా అందలేదు. సరే, వైఫై ఉందిగా అని కొత్త సిస్టం వైఫైకే వీఎంని బ్రిడ్జ్ చేశాను.

బ్రిడ్జ్ అంటే తెలియని వాళ్లకి రెండు ముక్కలు. మామూలుగా ఉండే ఎన్‌ఏటీ మోడ్‌లో వీఎం అద్దె గదిలో ఉన్నట్టు, బయటివాళ్లకి ఇంటి ఓనరు అడ్రస్సే తెలుస్తుంది. లోపల వీఎంకి 10.0.2.15 లాంటి నంబరు ఉంటుంది, కౌంటర్లకి అది కనబడదు. బ్రిడ్జ్‌లో వీఎం తనే వీధిలోకి గుమ్మం తెరుచుకుంటుంది, షాపు నెట్‌వర్క్‌లో అదొక సొంత కంప్యూటర్. మనకి కావలసింది ఇదే.

వైఫై మీద ఇది కుంటుతుంది. వైఫై రూటర్ తనతో కనెక్ట్ అయిన కార్డు మ్యాక్ నుంచి వచ్చే ప్యాకెట్లనే తీసుకుంటుంది. రెండో మ్యాక్‌ని ఒప్పుకోదు. అందుకని వర్చువల్‌బాక్స్ వీఎం ప్యాకెట్ల మీద మ్యాక్‌ని మార్చి, హోస్ట్ (వీఎంని నడిపే అసలు సిస్టం) కార్డుది వేసి పంపుతుంది. ఆ సర్దుబాటు ఇక్కడ పనికిరాలేదు. అవతలి సిస్టం పలుకుతుందో లేదో చూసే పింగ్ కౌంటర్ నుంచి కొడితే ఒకసారి జవాబు, పది సార్లు మౌనం.

వైఫై వదిలేసి 15 మీటర్ల కేబుల్ కొనుక్కొచ్చి రెండు చివర్లా నేనే క్రింప్ చేశాను. నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, ఆకుపచ్చ, గోధుమ తెలుపు, గోధుమ. ఎన్ని వందల సార్లు చేసినా మూడో వైరు తర్వాత ఆకుపచ్చ కాదు నీలం అని నాకు నేను నోటితో చెప్పుకోవాల్సిందే. బ్రిడ్జ్ లిస్టులో వైఫై తీసేసి వైరు కార్డుని ఎంచుకున్నాను. హోస్ట్ విండోస్‌లో ఆ కార్డు ప్రాపర్టీస్ తెరిచి, వర్చువల్‌బాక్స్ బ్రిడ్జ్ డ్రైవర్‌కి టిక్కు ఉందో లేదో కూడా చూసుకున్నాను. ఆ టిక్కు లేకపోతే పైన ఎన్ని మార్చినా ఏం లాభం లేదు.

సాయంత్రం బిల్లింగ్ ఆపి, శనివారం తర్వాత పడిన బిల్లులతో సహా డేటా ఫోల్డర్‌ని మళ్లీ వీఎంలోకి కాపీ చేశాను.

5వ రోజు, బుధవారం

పొద్దున్న ఫోన్. గుమాస్తా అన్న. "తమ్ముడూ, నిన్న రాత్రి బాగానే ఉండె. ఇప్పుడు రెండు కౌంటర్లకీ సర్వర్ దొరకలే అంటాంది."

రాత్రికీ పొద్దుటికీ జరిగింది ఒక్క రీస్టార్ట్. వెళ్లి చూస్తే వీఎం లోపల నెట్‌వర్క్ పేరు 'అన్‌ఐడెంటిఫైడ్', రకం 'పబ్లిక్'. పబ్లిక్ అనుకుంటే విండోస్ ఫైర్‌వాల్ బయటి నుంచి వచ్చే వాళ్లకి తలుపు తీయదు.

ఇది కూడా నేను చేసుకున్నదే. విండోస్ 7కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. అలాంటిది ఇంటర్నెట్‌కి వెళ్లకూడదని రాత్రి పోయేముందు ఐపీ సెట్టింగుల్లో డిఫాల్ట్ గేట్‌వే (బయటి నెట్‌కి దారి చూపే రూటర్ అడ్రస్) తీసేశాను. మంచి పనే. కాకపోతే విండోస్ 'ఇది ఏ నెట్‌వర్క్' అని గుర్తుపట్టేది గేట్‌వేని చూసే. గేట్‌వే లేదంటే ఊరు తెలియని వీధి కింద లెక్క, కాబట్టి పబ్లిక్. మనం క్లిక్ చేసి మార్చుదామంటే ఆ లింకు కూడా పనిచేయదు.

గేట్‌వే మళ్లీ పెడితే ఐదు నిమిషాల్లో అయిపోయేది. పెట్టబుద్ధి కాలేదు. లోకల్ సెక్యూరిటీ పాలసీ తెరిచి, నెట్‌వర్క్ లిస్ట్ మేనేజర్ పాలసీస్‌లో అన్‌ఐడెంటిఫైడ్ నెట్‌వర్క్స్‌ని ప్రైవేట్ అని పెట్టాను. ప్రొఫెషనల్ ఎడిషన్ కాబట్టి ఆ పాలసీ ఉంది, హోమ్ ఎడిషన్‌లో దొరకదు. మూడుసార్లు రీస్టార్ట్ చేసి చూశాను. నిలిచింది.

హోస్ట్ సిస్టంలో నిద్రకి వెళ్లే సెట్టింగు, నెట్‌వర్క్ కార్డు పవర్ ఆదా చేసే టిక్కు కూడా తీసేశాను. దాంతో పాటు ఒక యూపీఎస్ కూడా పెట్టాను.

6, 7 రోజులు

ఈ రెండు రోజులు నాకు సరిగ్గా నిద్ర లేదు.

ఫిర్యాదు ఒకటే, అర్థం కాదు. బిల్లింగ్ నడుస్తుంది, ఉన్నట్టుండి బిగుసుకుంటుంది, కాసేపటికి అదే కదులుతుంది. షాపు నిండా రైతులు. పైపుల కట్టలు ఆటోలో ఎక్కించుకుని బిల్లు కోసం నిలబడి ఉన్నారు. గుమాస్తా అన్న చేత్తో బిల్లులు రాయడం మొదలుపెట్టాడు. పెద్దాయన ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ టెన్షన్.

మొదట కేబుల్ అనుకున్నాను, నేను క్రింప్ చేసిందే కదా. రెండు చివర్లూ కోసి మళ్లీ క్రింప్ చేశాను. అదే కథ. అడాప్టర్ రకం మార్చాను, మళ్లీ వెనక్కి తెచ్చాను. స్విచ్ మార్చాను. వర్చువల్‌బాక్స్ తీసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. చేయాల్సిన పని కాదు, చేతులు ఊరుకోక చేసింది.

గురువారం మధ్యాహ్నం ఒక కౌంటర్‌లో 192.168.1.10కి ఆగకుండా పింగ్ పెట్టి, టీ తాగుతూ స్క్రీన్ చూస్తున్నాను. జవాబు, జవాబు, జవాబు. తర్వాత వరసగా రిక్వెస్ట్ టైమ్‌డ్ అవుట్. మళ్లీ జవాబులు. ఎన్ని పోతున్నాయో లెక్కపెడదామంటే లెక్క కుదరట్లేదు, ఒకసారి మూడు, ఒకసారి ఇరవై.

గుట్టు బయటపెట్టింది గుమాస్తా అన్న. పక్కన నిలబడి బిల్లు చింపుకుంటూ అన్నాడు: "ఒకటి చూసినావా తమ్ముడూ, ప్రింటు వస్తే బిల్లింగ్ నిలబడిపోతాది, బిల్లింగ్ నడిస్తే ప్రింటు రాదు. ఏతం మాదిరి, ఇటు లేస్తే అటు దిగుతాది."

ప్రింటు ఎక్కడి నుంచి వస్తోంది? డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, వెనక వెడల్పాటి ప్యారలల్ కేబుల్. కొత్త సిస్టంకి ఆ పోర్టే లేదు. యూఎస్‌బీ కేబుల్ ఆర్డర్ పెట్టాను, ఇంకా రాలేదు. అందుకని పాత సిస్టంని కౌంటర్ కింద అలాగే ఆన్‌లో ఉంచి, ప్రింటర్ షేర్ చేశాను. అడ్రస్ గొడవ రాకుండా దాని ఐపీని 192.168.1.20కి మార్చాను కూడా. చాలా జాగ్రత్తగా చేశాననే అనుకున్నాను.

కౌంటర్‌లో ఏఆర్‌పీ మైనస్ ఏ కొట్టాను, ఏ ఐపీకి ఏ మ్యాక్ ఉందో చూపే కమాండ్ అది. ఎదురెదురుగా రెండు వరసలు. చివర 10 ఉన్న ఐపీ, దాని ఫిజికల్ అడ్రస్. చివర 20 ఉన్న ఐపీ, దాని ఫిజికల్ అడ్రస్. ఒక్కో జత మీద వేలు పెట్టి చదువుకుంటూ పోయాను. ఆరు జతలూ ఒకటే.

ఐపీ రెండు చోట్ల ఉంటే విండోస్ గోల చేస్తుంది, తెర మీద హెచ్చరిక వస్తుంది. మ్యాక్ రెండు చోట్ల ఉంటే ఎవరూ కిక్కురుమనరు. స్విచ్‌కి ఐపీలు తెలియవు. ఏ మ్యాక్ ఏ పోర్టు నుంచి మాట్లాడిందో గుర్తుపెట్టుకుని, ఆ మ్యాక్‌కి వచ్చే ప్యాకెట్లన్నీ ఆ పోర్టుకే పంపుతుంది. పాత సిస్టం ప్రింటు గురించి ఒక్క ముక్క మాట్లాడిందా, స్విచ్ ఆ మ్యాక్ కౌంటర్ కింద ఉందనుకుంటుంది. ఆ క్షణం నుంచి వీఎంకి రావాల్సిన బిల్లులు కూడా కౌంటర్ కిందికే పోతాయి. పాత సిస్టం తన ఐపీ కాదని వాటిని పారేస్తుంది. వీఎం తనంతట తను ఏదన్నా మాట్లాడితే స్విచ్ మళ్లీ ఇటు తిరుగుతుంది, అప్పుడు ప్రింటు ఆగుతుంది. ఒకే డోర్ నంబరుతో రెండు ఇళ్లుంటే పోస్టుమ్యాన్ ఎవరు గుమ్మంలో కనబడితే వాళ్ల చేతిలో పెట్టి పోయినట్టు.

సోమవారం నా షాపులో ఇది రాకపోవడానికి కారణం, అక్కడ పాత సిస్టం లేదు. అంతే.

శుక్రవారం పాత సిస్టంలో రియల్‌టెక్ కార్డు ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో నెట్‌వర్క్ అడ్రస్ అనే గడి ఉంటే, అందులో 02తో మొదలయ్యే ఒక నంబరు సొంతంగా పెట్టాను. 02తో మొదలైతే అది కంపెనీ వేసినది కాదు, ఇక్కడ పెట్టుకున్నది అని అర్థం. దాంతో పాత సిస్టంలో సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం మానేసింది, అనుమతి లేదంది. అదీ మంచిదే, గుమాస్తా అన్న పొరపాటున అందులో బిల్లు కొట్టే భయం కూడా పోయింది. కౌంటర్లలో ఏఆర్‌పీ పట్టిక చెరిపి, పింగ్ పెట్టి, వరసగా పది బిల్లులు ప్రింట్ కొట్టించాను. పింగ్ ఒక్కటీ పోలేదు.

8వ రోజు, శనివారం

యూఎస్‌బీ కేబుల్ వచ్చింది. ప్రింటర్ కొత్త సిస్టంకి మారింది. పాత సిస్టం ఆపేశాను. లాన్ పోర్టు మీద ఇన్సులేషన్ టేపు అతికించాను.

9వ రోజు, ఆదివారం

బ్యాకప్. వీఎంని ఎక్స్‌పోర్ట్ చేసి ఒక ఫైలుగా డ్రైవులో పెట్టి, సి.క్యాంపుకి తెచ్చుకుని నా సిస్టంలో ఇంపోర్ట్ చేశాను. తెరవని బ్యాకప్‌ని నేను నమ్మను. తెరిస్తే: ఈ కంప్యూటర్‌కి అనుమతి లేదు.

అడాప్టర్ చూస్తే మళ్లీ 08-00-27. ఇంపోర్ట్ చేసేటప్పుడు మ్యాక్ అడ్రస్ పాలసీ అని ఒక వరస ఉంటుంది, నేను చూడకుండా నెక్స్ట్ కొట్టేశాను. ఎన్‌ఏటీ అడాప్టర్ల మ్యాక్‌లే ఉంచు అని ఉంది అక్కడ. మనది బ్రిడ్జ్ కాబట్టి కొత్త నంబరు పుట్టించింది. చెరిపేసి, ఈసారి ఎక్స్‌పోర్ట్‌లోనూ ఇంపోర్ట్‌లోనూ అన్ని అడాప్టర్ల మ్యాక్ అడ్రస్‌లూ చేర్చు అన్నది ఎంచుకున్నాను. తెరుచుకుంది. చివరి బిల్లు నంబరు షాపులో రాసుకొచ్చిన నంబరుతో సరిపోయింది.

సాయంత్రం డ్రైవు ఇవ్వడానికి వెళ్లి పెద్దాయనకి ఇదంతా చెప్పాను. ఆ 12 అక్షరాలు పోతే లైసెన్సు పోయినట్టేనని కూడా.

"యాడ రాసి పెట్టినావు?"

"నా ఫోన్లో ఉంది సార్, ఫొటో."

"ఫోనులో కాదు నాయనా" అని లేచి, ఈ ఏడాది ఎర్ర అట్ట ఖాతా పుస్తకం తీసి మొదటి పేజీ తిప్పారు. పైన పసుపు బొట్టు పెట్టి 'శ్రీ' అని ఉంది. దాని కింద నా చేత రాయించారు, ఒక్కో జతా తను పైకి చదివి సరిచూసుకుంటూ. పుస్తకం మూసి, గీతకి పైన అలమరలో, కొత్త సిస్టం పక్కన పెట్టారు.